అడక్కుండానే వచ్చిన తేలు: నిమ్మలకుంటలో చేయించుకున్న తోలుబొమ్మల మీద నా రివ్యూ

ఐదు బొమ్మలు, 6,500 రూపాయలు, పదైదు రోజుల్లో ఇస్తామని 34 రోజులకి ఇచ్చినారు. లెక్క ముందే చెప్పేస్తే నాకు నిమ్మళం. ఆర్టీసీలో 31 ఏండ్లు టికెట్లు కొట్టినోన్ని, చిల్లర తేలందే నా నోట్లోంచి ఇంకో మాట రాదు. ఆ డబ్బుకి తగిన బొమ్మలేనా అంటే తగినవే. మళ్ళీ చేయించుకుంటావా అంటే, అడ్వాన్సు కూడా ఇచ్చొచ్చినా. కానీ మధ్యలో ఏం జరిగిందో చెప్పకపోతే మీరు కూడా నా మాదిరే తేలును ఇంటికి తెచ్చుకుంటారు.

చేయించింది మా మనవరాలి కోసం. తొమ్మిదేండ్ల పిల్ల. వాళ్ళమ్మానాయనలకి బెంగుళూరులో ఉద్యోగాలు, పిల్ల అనంతపురంలో మా దగ్గర ఉంటుంది. పోయిన ఎండాకాలం కరెంటు లేని రాత్రులు మిద్దె మీద పండుకుని, చుక్కలు చూస్తా, ఒక దీవిని కట్టింది. పేరు తేలుదీవి. సముద్రం మీద తేలుతా ఉంటుంది కాబట్టి తేలుదీవి. కుట్టే తేలు కాదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, దీని దెబ్బకి నాకు ఇంకో పన్నెండు నూర్లు చేతులు మారినాయి.

ఆ పిల్ల సముద్రాన్ని టీవీలో తప్ప చూడలేదు. మాది ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే సీమ, అది కూడా పడితే పడినట్టు. అందుకేనేమో, దీవి చుట్టూ ఎంత నీళ్ళున్నా అక్కడి మనుషుల ఆచారాలన్నీ మంచినీళ్ళ చుట్టే తిరుగుతాయి.

తేలుదీవి మనిషి ఎట్లుంటాడో కొంచెం చెప్తా. అసలు మనిషి తెలియకుంటే బొమ్మ కుదిరిందో లేదో మీకెట్ల తెలుస్తుంది? ఎత్తు మన నడుం దాకా. పాదాలు మాత్రం చేటంత. దీవి ఎప్పుడూ ఊగుతా ఉంటుంది కదా, పడకుండా నిలబడాలంటే అంత పాదం కావాల. (పల్లెవెలుగు బస్సులో మనుషుల మధ్య ఇన్నేండ్లు నిలబడిన నాకు దేవుడు ఆ పాదాలు ఎందుకియ్యలేదో.) వెంట్రుకలు కిందికి వేలాడవు, పైకి పెరుగుతాయి. వాటికి ఏడాదికొక ముడి. పుట్టినరోజులనేవి లేవు. మొదటి వాన పడిన రోజు అందరూ వరసగా కూచుని ఒకరి తలమీద ఒకరు ముడి వేసుకుంటారు. వాన రాని ఏడు ముడి లేదు, వయసు కూడా పెరగదు.

"అంటే కరువొస్తే ముసలోళ్ళు కారా?" అని మా ఆవిడ అడిగింది.

"కారు జేజీ. కానీ సన్నబడతారు."

ఒళ్ళు పొద్దున బూడిద రంగు, మధ్యాహ్నం చింతచిగురు, రాత్రికి నేరేడుపండు. భుజాల మీద, బుగ్గల మీద ఉప్పు మెరుస్తా ఉంటుంది. దాన్ని కడుక్కోరు, మంచినీళ్ళు దండగ కదా. నగలు లేవు. బంగారమనే మాటే వాళ్ళకి తెలీదు. ఉండేదల్లా మెడలో ఒక ఎండిన సొరకాయ బుర్ర. బిడ్డ పుట్టినప్పుడు కడతారు, చచ్చేదాకా అది మెడలోనే. వాన పడితే అందులో పట్టుకోవాల, దాంట్లోంచే తాగాల.

చుట్టం ఇంటికొస్తే "రండి, కూచోండి" అనరు. వచ్చినోడు తన బుర్రలోంచి ఒక గుక్క ఇంటోళ్ళ బుర్రలో పోస్తాడు, ఇంటోళ్ళు ఒక గుక్క వాని బుర్రలో పోస్తారు. ఒకరికి ఎక్కువా కాలేదు, ఒకరికి తక్కువా కాలేదు, మరి ఎందుకు పోసుకునేది అని నేనడిగినా. "అప్పుడు ఇద్దరి నీళ్ళూ కలుస్తాయి కదా తాతా" అనింది, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు. అబద్ధం చెప్పినోని బుర్రని మూడు రోజులు తలకిందులుగా చెట్టుకి వేలాడదీస్తారు. ఆ మూడు రోజులు వాడు ఇల్లిల్లూ తిరిగి గుక్క గుక్క అడుక్కోవాల. ఎవరూ లేదనకూడదు. అంటే వాళ్ళ బుర్ర కూడా చెట్టుకే.

పేర్ల పద్ధతి నాకు బాగా నచ్చింది. బిడ్డ పుట్టిన పొద్దు అలల్లో ఏది కొట్టుకొస్తే అదే పేరు. దీవి పెద్దాయన పేరు పగిలినతెడ్డు. ఆయన భార్య కొబ్బరిమట్ట. కొడుకు పేరు ఎడమచెప్పు. పిల్ల ఇవన్నీ నవ్వకుండా చెప్తుంది, మనం నవ్వితే కథ ఆపేస్తుంది. ఇంటి వాకిలి ఏ దిక్కుకుండాలనే గొడవ కూడా వాళ్ళకి లేదు, దీవి తిరుగుతా ఉంటుంది కాబట్టి పొద్దున తూర్పు వాకిలి సాయంత్రానికి దక్షిణమైపోతుంది. ఈ మాట మాత్రం మా వీధిలో వాస్తు చూసే ఆయన దగ్గర అనొద్దమ్మా అని చెప్పినా. బయల్దేరేటప్పుడు మనం "పోయొస్తా" అంటాం కదా, వాళ్ళు "తేలొస్తా" అంటారు.

ఇదంతా విని విని, ఈ మనుషుల్ని కంటితో చూస్తే ఎట్లుంటుందని నాకే ఆశ పుట్టింది. అట్ల తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట గుర్తొచ్చింది.

ధర్మవరం దాకా బస్సు, అక్కడనుంచి ఆటో. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పటినుంచి ఆ ఊరు శ్రీసత్యసాయి జిల్లా, నా నోటికి మాత్రం ఇంకా అనంతపురం జిల్లానే వస్తుంది. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, మీరు పేపర్లో చూసే ఉంటారు. నేను పోయింది ఆయన ఇంటికి కాదు, ఇంకో ఇంటికి. వాళ్ళ పేరు రాయను, తేలు సంగతి ఉంది కదా.

ఇంట్లో యాడ చూసినా లైటు షేడ్లే. నెమళ్ళు, చెట్లు, దశావతారాలు. ఆట ఆడించేది తగ్గిపోయింది సార్, ఇప్పుడు ఇవే మాకు అన్నం పెట్టేది అన్నాడు ఆ ఇంట్లో బొమ్మలు చేసే ఆయన. వాళ్ళలో వాళ్ళు మరాఠీ కలిసిన మాట మాట్లాడుకుంటున్నారు, నాతో మాత్రం మన ధర్మవరం తెలుగే. మా చిన్నప్పుడు వానలు పడకుంటే మా ఊర్లో విరాటపర్వం ఆడించేవాళ్ళు. విరాటపర్వం చెప్పిస్తే వాన పడుతుందని మన పెద్దోళ్ళ నమ్మకం. తెల్లార్లూ ఆట. నేను మా నాయన ఒళ్ళో నిద్రపోయి, నవ్వించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క వచ్చి తిట్టుకునేటప్పుడు మాత్రం లేచేవాన్ని. ఒక ఏడు తెల్లారేసరికి మబ్బు పట్టింది. వాన రాలేదు కానీ, మబ్బు పట్టించినందుకని ఆటాడించినోళ్ళకి ఇంకో మూట కొర్రలు ఇచ్చి పంపినారు. ఇది చెప్తే ఆయన వాళ్ళ నాయన్ని లోపలనుంచి పిలిచి మళ్ళీ చెప్పించినాడు. ముసలాయన పండ్లు లేని నోటితో శానాసేపు నవ్వినాడు.

పాప స్కెచ్ పెన్నులతో వేసిన నోటుబుక్కు తీసి ముందర పెట్టినా. ఆయన అడిగిన ప్రశ్నలు చూస్తే పనోడని తెలిసిపోయింది. మొఖం పక్కనుంచా, ఎదురా? కండ్లు ఒకటా, రెండా? కీళ్ళు యాడెక్కడ కావాల? నేరేడుపండు రంగు చూపిస్తే తల అడ్డంగా ఊపినాడు. "నీలం పక్కకి పోతుంది సార్. నీలం పెడితే చూసినోళ్ళందరూ రాముడంటారు." సరే, చింతచిగురు రంగుకి ఒప్పుకున్నాం.

అసలు తిరకాసు నగల దగ్గర వచ్చింది. నగలు లేవంటే ఆయనకి దిక్కు తోచలేదు. "చిల్లులు యాడ పెట్టేది సార్ మరి?" అన్నాడు. నాకర్థం కాలేదు. అప్పుడు గోడకున్న సీతమ్మ బొమ్మని తీసి వాకిలికి అడ్డం పెట్టినాడు. హారం, వంకీలు, వడ్డాణం, అన్నీ సన్న చిల్లులు. వెలుగు వాటిలోంచి వస్తేనే నగ మెరిసేది. చిల్లు లేకుంటే రంగు పూసిన తోలు ముక్క అంతే. ఇంటికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, పాపకి సంగతి చెప్పినా.

"ఉప్పుంది కదా అంకుల్" అనింది.

ఆయన ఒక నిమిషం ఫోన్ వైపే చూసినాడు. "ఉప్పు," అన్నాడు వాళ్ళావిడతో, "భుజాల మీద ఉప్పు పెడితే సరి."

ఆ రోజు నేను మధ్యాహ్నం దాకా అక్కడే కూచున్నా. వాడేది మేకతోలు. నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, చుట్టూ మేకులు కొట్టి సాగదీసి ఎండబెడతారు. ఎండినాక పచ్చి అప్పడాన్ని దీపానికి అడ్డం పెట్టినట్టుంటుంది, అవతల ఆయన వేళ్ళు నాకు కనపడినాయి. గీత గీసినాక కింద చెక్క మొద్దు పెట్టి, చిన్న ఉలితో ఒక్కొక్క చిల్లు కొట్టేది. టక్, టక్, టక్. చెయ్యి తోలు మీదనే, మాట నాతోనే, కన్ను మాత్రం ఇటు తిరగలేదు. పగిలినతెడ్డు కుడి భుజం ఒక్కదానికే 214 చిల్లులు. లెక్కపెట్టినా, ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. అన్నీ ఒకే మాదిరి కాదు, మెడ దగ్గర ఆవగింజంత, మోచేతికి వచ్చేసరికి గసగసాలంత. ఉప్పు అట్లే కదా ఆరుతుంది, పైన మందంగా, కిందికి పోయేకొద్దీ పలచగా. ఆ సంగతి నేను చెప్పలేదు, పాప చెప్పలేదు. రంగు రెండుపక్కలా వేస్తారు, ఏ పక్క తిప్పినా ఒకటే బొమ్మ. బుర్రని వేరే ముక్కగా కోసి దారంతో కట్టినాడు, చెయ్యి ఎత్తితే అది వంగుతుంది. గుక్క పొయ్యాలంటే బుర్ర వంగాల కదా.

2,000 అడ్వాన్సు ఇచ్చి వచ్చేసినా. నేను చేసిన తప్పు అదే. ఒక్క బొమ్మకే, అదీ సగం దాకానే కూచున్నా, మిగిలినవాటికి కూచోలేదు.

పదైదు రోజులకి ఫోన్ చేస్తే వానలు, తోలు ఆరలేదన్నారు. మా అనంతపురంలో వానల వల్ల పని ఆగిందంటే కోపం తెచ్చుకోవాలో, దండం పెట్టాలో తెలీలేదు. ఇరవై రోజులకి షేడ్ల ఆర్డరు పెద్దది వచ్చిందన్నారు, ఇది మాత్రం నాకు నచ్చలేదు. ముందొచ్చినోన్ని దింపి వెనకొచ్చినోనికి సీటియ్యకూడదు. నాలుగుసార్లు ఫోన్ చేసినాక పార్సిల్ వేసినారు. పార్సిలోళ్ళు అట్టని నిలువుగా తోసేసినట్టున్నారు, కొబ్బరిమట్ట ఎడమ పాదం మడత పడింది. రెండు రోజులు బియ్యం డబ్బా కింద పెడితే సాపైంది, గీత మాత్రం కనపడతానే ఉంది. మీరు పోయి తెచ్చుకోండి. ధర్మవరం బస్సులకేం కొదవలేదు.

అట్ట విప్పినాం. మొదట వాసన చెప్పాల: కొత్త తోలు వాసన వారం రోజులుంటుంది. పక్కింటి పిల్లి మా కిటికీ వదల్లేదు. బొమ్మలు మాత్రం, ఏం చెప్పమంటారు, పాదాలు అచ్చం చేటలే. కొబ్బరిమట్ట కన్ను చేప మాదిరి పొడుగ్గా, ముక్కు సీతమ్మ ముక్కు. ఐదింటికీ అదే ముక్కు. ఎడమచెప్పుకి ఏడేండ్లు, వానికి మీసం పెట్టేసినారు. తర్వాత అడిగితే "చెయ్యి అట్ల పోతుంది సార్" అన్నాడు. పగిలినతెడ్డుకి 41 ముడులుండాల, పాప లెక్కపెడితే 38 తేలినాయి. నేను పోట్లాడదామని ఫోన్ తీసినా. "ఉండనీ తాతా, మూడేండ్లు వాన రాలేదు" అనింది.

అప్పుడు కనపడింది తేలు. పగిలినతెడ్డు ఎడమ భుజం మీద, ఎర్రగా, తోక పైకి ఎత్తి. కొండీ దగ్గర ఒకటే పెద్ద చిల్లు. కొక్కేల చేతులకి కీలు కూడా పెట్టినారు, పుల్ల కదిపితే కరుస్తాయి. ఐదు బొమ్మల్లోనూ అంత బాగొచ్చిన ముక్క ఇంకోటి లేదు, అదీ నా బాధ. తేలుదీవి అన్నారు కదా, దీవి పెద్దకి తేలు లేకుంటే ఎట్లని ముసలాయన తన చేత్తో వేసినాడంట. డబ్బులు కూడా ఎక్కువ తీసుకోలేదు.

పాప ఏమీ అనలేదు. అనకుండా లోపలికి పోయింది. మా ఆవిడ ఓళిగలు చేసింటే ఒకటీ ముట్టలేదు. నేను ఇద్దరి మీదా కోపంగా ఉన్నా, ముసలాయన మీదా, "తేలుదీవి" అని ఊరికే చెప్పి వచ్చేసిన నా మీదా. బుక్కులో ఆ పేరు రాసుంది, అర్థం రాయలేదు. తేలేది, కుట్టేది, రెండూ ఒకటే అక్షరాలైతే వాళ్ళ తప్పేముంది?

పొద్దుగూకినాక వచ్చి నా పక్కన కూచునింది. "తాతా, అది అలల్లో కొట్టుకొచ్చింది. అదొచ్చిన పొద్దు ఎవ్వరూ పుట్టలేదు. అందుకే తేలు అనే పేరు ఎవ్వరికీ లేదు." కాసేపాగి, "దానికి బుర్ర కూడా లేదు, పాపం, అందరూ గుక్క ఇస్తా ఉంటారు" అనింది. ఓళిగ తినింది.

ఆట గురించి. చావిట్లో నా పంచె కట్టి, వెనక ఎల్‌ఈడీ బల్బు పెట్టినా. బొమ్మలు చచ్చిపోయినాయి. ఎరుపు మట్టి రంగైంది, చింతచిగురు సున్నం కొట్టినట్టైంది. ఫోన్ చేస్తే "పసుపు వెలుగు కావాల సార్, పాత బల్బు, అరవై వాట్లది" అన్నాడు. పాతూరులో నాలుగు షాపులు తిరిగితే అయిదో షాపులో దుమ్ము పట్టిన అట్టపెట్టెలోంచి రెండు తీసిచ్చినాడు. వెలిగించినాం, అంతే. ఆ 214 చిల్లులూ భుజం మీద ఉప్పై లేచినాయి. బొమ్మని కొంచెం వెనక్కి లాగితే ఆ చుక్కలు పంచె మీద విడిపోయి పెద్దవైతాయి, ముందుకు తెస్తే మళ్ళీ గసగసాలు. మా ఆవిడ "అబ్బ" అనింది, ఆమె నోట ఆ మాట రావడం తక్కువ. బల్బుకి ఒక మూర దూరంలో ఉంచండి. దగ్గర పెడితే తోలు అప్పడం మాదిరి చుట్టుకుంటుంది, ఇది కూడా ఆయన చెప్పిందే, నేను నమ్మక ఒక పుల్ల చివర కాల్చుకున్నా.

ఇప్పుడు ప్రతి ఆదివారం రాత్రి ఆట. వీధి పిల్లలు ఐదారుగురు వస్తారు. ఒకసారి వాస్తు ఆయన కూడా వచ్చి కూచున్నాడు. వాకిలి తిరిగే ఘట్టంలో నేను భయపడినా. ఆయన ఉడికించిన శెనక్కాయలు ఒలుచుకుంటా, "దీవికి మూలలుండవు కదా, ఈశాన్యం ఎట్ల కనుక్కుంటారు?" అని పాపని నిజంగానే అడిగినాడు. దాని సమాధానం మీద ఇద్దరూ అరగంట వాదించుకున్నారు.

కొనాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. బొమ్మల్ని మడవద్దు, పేపర్ల మధ్య పరిచి పెట్టండి. తడి తగలకూడదు, ముసురు రోజుల్లో మెత్తబడతాయి, నీడలో ఆరబెడితే సరిపోతాయి. ఎలుకలుంటే పైన కట్టి పెట్టండి, మేకతోలని వాటికీ తెలుసు. మూడేండ్ల లోపు పిల్లల చేతికియ్యొద్దు, నోట్లో పెట్టుకుంటారు. గీసిచ్చినదానికి వెంట్రుకవాసి తేడా రాకూడదనుకుంటే మీకిది పని చెయ్యదు, ఆ చేతులకి రాముణ్ణి, సీతమ్మని వేసిన అలవాటుంది, అది మీ బొమ్మలోకి వస్తుంది. ఇంట్లో పెట్టుకోను ఒక షేడు చాలనుకుంటే అక్కడ రెడీగా ఉంటాయి, ఈ తంటాలేం ఉండవు. నేనైతే ఐదు నక్షత్రాలకి నాలుగు ఇస్తా. ఒకటి కోసింది లేటుకి, తేలుకి కాదు.

పోయిన వారం రెండో ఆర్డరు చెప్పినా. అబద్ధం చెప్పినోడు ఒకడు, వాని తలకిందుల బుర్ర, చెట్టు. వాటితోపాటు తేలు, ఈసారి వేరే బొమ్మగా, డబ్బులిచ్చి, 1,200. పాప దానికి కూడా ఒక బుర్ర కట్టాలనింది, ఎన్నాళ్ళని అందరినీ అడుక్కుంటుంది అని. ఫోన్‌లో ఆ మాట చెప్తే ఆయన కాసేపు పలకలేదు. వెనక ముసలాయన ఏదో అడుగుతున్నాడు.

"తేలుకి మెడ యాడుంటుంది సార్?" అన్నాడు.

పాపనడిగి చెప్తానన్నా.